ఈ ఏటి తెలియని అంకె

త్రినాథరావు మాస్టారికి ఆరు అంకె మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఆయన పుట్టింది ఆరో తారీఖున కాదు, ఉద్యోగం వచ్చింది ఆరో ర్యాంకుకి కాదు, పెళ్లి కూడా ఆరు గంటల ముహూర్తానికి కాలేదు. ఆ రోజు పొద్దున్న పదింటికి చేతిలో చాక్‌పీసు, గుండెలో రాయి పెట్టుకుని నిలబడ్డప్పుడు నోటికి తగిలిన అంకె అది. ఇంకేదైనా తగిలుంటే ఏమయ్యేదో అని తర్వాత ఆయన చాలాసార్లు ఆలోచించారు. ఏమీ అయ్యేది కాదు, ఇదే అయ్యేది.

కొత్తగెడ్డవలస ప్రాథమిక పాఠశాలకి ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులు, ఇరవై ముగ్గురు పిల్లలు, ఒక మాస్టారు. ఆ ఒక్క మాస్టారూ పొద్దున్న రాగానే మరుగుదొడ్డి ఫొటో, గుడ్ల ఫొటో, పిల్లల బూట్ల ఫొటో తీసి, సిగ్నలు కోసం నీళ్ల ట్యాంకు ఎక్కి వాటిని పైకి పంపించి, దిగేసరికి మధ్యాహ్నం భోజనం గంట కొట్టేస్తారు. మరి పాఠాలు మానేశారా అంటే, తప్పు, మానలేదు. వాయిదా వేశారంతే. రెండు నెలలుగా వేస్తున్నారు.

ఆ పొద్దున్న మండల విద్యాశాఖాధికారి పాత్రుడు గారు ఫోను చేశారు.

"ఏవయ్యా త్రినాథరావూ, జిల్లా నుంచి జాయింట్ డైరెక్టర్ గారు బయల్దేరారు. మీ బడికే. 'గుణకార సమీకరణంలో తెలియని కారణాంకాన్ని కనుగొనుట' పరీక్షిస్తారట. పిల్లలకి చెప్పేవా అది?"

"చెప్పకేం సార్."

"వస్తుందా వాళ్లకి?"

"నిద్రలో లేపి అడిగినా వస్తుందండీ."

ఫోను పెట్టేశాక మాస్టారికి చెమటలు పట్టాయి. పేరు చూస్తే భయంగా ఉంది గానీ, లెక్క చిన్నదే. నాలుగుని ఏదో ఒక దానితో గుణిస్తే ఇరవై నాలుగు వచ్చింది, ఆ ఏదో ఒకటి ఎంత? ఆ ఏదో ఒకటి ఉండాల్సిన చోట పుస్తకంలో ఖాళీ గడి వేస్తారు. పిల్లలు దాన్ని డబ్బా అంటారు. ఎక్కాలు వస్తే డబ్బాలో ఏముందో చెప్పొచ్చు. ఎక్కాలు రావాలంటే ఎవరో చెప్పాలి. అక్కడే చిక్కంతా.

ఇన్‌స్పెక్షన్ రోజున ఏ బడిలోనైనా ప్రశ్నలు అడిగేది మాస్టారే, వచ్చిన పెద్దలు కుర్చీలో కూర్చుని తలూపుతారు. తరతరాల ఆచారం. ఆ ఆచారాన్నే నమ్ముకుని మాస్టారు పిల్లలందరినీ గదిలో కూర్చోబెట్టారు.

"ఒరే, బోర్డు మీద డబ్బా కనిపిస్తే ఏమనాలి? ఆరు అనాలి. ఏమనాలి?"

"ఆరూ!" అన్నారు పిల్లలు.

నాలుగో తరగతి దమయంతి చెయ్యెత్తింది. బడిలో అన్నం వండే అసిరమ్మ కూతురు అది. తల్లి పక్కన కూర్చుని, వచ్చిన గుడ్లని వరసలు పేర్చి పంచిపెట్టీ పంచిపెట్టీ ఎక్కాలన్నీ తనంతట తనే పట్టేసింది. దానికి చదువు చెప్పిన గురువులు గుడ్లే.

"మాస్టారండీ, మరి డబ్బాలో ఆరు కాకపోతేనో?"

"ఆరే అవుద్ది. నేను చూసుకుంటాను. కూర్చో."

జాయింట్ డైరెక్టర్ సదాశివమూర్తి గారు పాత్రుడు గారిని వెంటబెట్టుకుని వచ్చారు, కూర్చున్నారు, తలూపడం మొదలెట్టారు. మాస్టారు 4 × □ = 24 అని రాశారు. "ఆరూ!" అని గది దద్దరిల్లింది. 7 × □ = 42. "ఆరూ!" మూడోసారి ఆయన తొమ్మిది రాసి, ఇంటూ గుర్తు పెట్టి, డబ్బా గీస్తూ ఉండగానే పిల్లలు అందుకున్నారు. సదాశివమూర్తి గారు కుర్చీలోంచి ముందుకి వంగారు.

"సమీకరణం పూర్తి కాకమునుపే కనుగొనుచున్నారే!"

అక్కడితో లేచి వెళ్లిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆయన ఆచారం తప్పి, పై ఆఫీసు నుంచి వచ్చిన కాగితం జేబులోంచి తీసి, స్వయంగా బోర్డు మీద 8 × □ = 56 అని రాశారు.

"ఆరూ!" అన్నారు ఇరవై ఇద్దరు.

"ఏడండీ," అంది దమయంతి.

సదాశివమూర్తి గారు కాగితం తిరగేసి చూశారు. 'జవాబుల పట్టిక వేరొక కవరునందు పంపబడును' అని అడుగున ఉంది. ఆ కవరు ఇంకా రాలేదు. ఆయన పాత్రుడు గారి వైపు చూశారు. పాత్రుడు గారు దూలం వైపు చూశారు. ఎనిమిదేడులు యాభై ఆరు అని ఇద్దరికీ ఒకప్పుడు వచ్చే ఉంటుంది. శాతాల్లో పడి బతికేవాళ్లకి ఎక్కాలతో పనేముంటుంది పాపం!

"ఇరవై ముగ్గురిలో ఇరవై ఇద్దరు ఒక్క మాటమీద ఉన్నారు. తొంభై ఐదు పాయింటు ఆరు ఐదు శాతం. ఈ ఒక్క విద్యార్థిని మాత్రం వెనుకబడి ఉన్నట్లు నమోదు చేయండి," అన్నారు సదాశివమూర్తి గారు.

దమయంతి మాస్టారి వైపు చూసింది. ఆయన చూసుకుంటానన్నారు కదా మరి. ఏడు అంటే రెండక్షరాలు. ఆ రెండక్షరాలూ అనడానికి నోరు రాక, ఆయన డస్టరు తీసుకుని బోర్డు తుడిచేశారు.

"మీరు అనుసరించు పద్ధతి ఏమిటి?" అని సదాశివమూర్తి గారు అడిగారు.

భయంలో మాస్టారి నోట నిజం జారిపోయింది. "పిల్లలకి తెలియనిదంటే భయమండీ. అందుకని తెలియనిది ఏమిటో ముందే చెప్పేస్తాం సార్."

ఉద్యోగం ఊడిపోయిందనే అనుకున్నారు. సదాశివమూర్తి గారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు.

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది.

'ఇందుమూలముగా యావన్మంది ప్రధానోపాధ్యాయులకు తెలియజేయునది ఏమనగా, విద్యార్థులలో గణిత భయమునకు మూలకారణము, తెలియని సంఖ్య ఒక్కొక్క లెక్కయందు ఒక్కొక్క విధముగా ఉండుటయేనని గుర్తించడమైనది. కావున ఈ విద్యా సంవత్సరమునకు జిల్లా అంతటను తెలియని సంఖ్య ఆరు (6)గా నిర్ణయించడమైనది. ఇతర సంఖ్యలను తెలియనివిగా ఉపయోగించువారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును.'

దాని పేరు 'నిర్భయ గణితం'. దానికి జిల్లా శిక్షకులు లెంక త్రినాథరావు గారు. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి కూడా పేరు పంపించామని పాత్రుడు గారు చెవిలో చెప్పారు. మాస్టారు మొదట సిగ్గుపడ్డారు. రెండో రోజు సిగ్గు కొంచెం తగ్గింది. నాలుగో రోజు అద్దం ముందు నిలబడి, శాలువా కప్పితే ఎలా ఉంటుందో దుప్పటితో చూసుకున్నారు. బాగానే ఉంది. మనిషి జన్మ కదా!

మొదటి శిక్షణకి మూడొందల మంది టీచర్లు వచ్చారు. మాస్టారు మైకు పట్టుకుని గంటసేపు మాట్లాడారు. తన మాటలు తనకే ఎంత నచ్చాయంటే, అందులో ఏదో విషయం ఉందేమోనని ఆయనకే అనుమానం వచ్చింది. చివర్లో వెనక వరసలోంచి వరహాలమ్మ టీచరు లేచారు. రిటైర్మెంటుకి రెండేళ్లున్న మనిషి.

"మాస్టారూ, నాకు తెలీకడుగుతాను. తొమ్మిది డబ్బాలు అరవై మూడయితే, డబ్బాలో ఆరు ఎలా కూర్చుంటాది?"

మాస్టారు వేదిక మీదికి చూశారు. సదాశివమూర్తి గారు మైకు అందుకున్నారు. "అటువంటి సమీకరణములు విధానమునకు విరుద్ధము. తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు వాటిని నిలుపుదల చేయడమైనది."

నిలుపుదల చెయ్యడమంటే తెల్ల కాగితం ముక్కలు అంటించడం. వారం రోజులు జిల్లాలోని టీచర్లంతా మైదాపిండి ఉడకబెట్టి, పుస్తకాల్లో ఆరు రాని లెక్కల మీద ఆ ముక్కలు అంటించారు. నాలుగో తరగతి పుస్తకంలో నలభై ఒక్క లెక్కలకి ఐదు మిగిలాయి. తర్వాత ఎక్కాల చార్టుల వంతు. ఆరో ఎక్కం ఒక్కటి ఉంచి తక్కినవి గోడల మీంచి తీసేశారు, పిల్లలు చూస్తే అయోమయంలో పడతారని. త్రైమాసిక పరీక్షల్లో జిల్లా నూటికి నూరు శాతం సాధించింది. పేపర్లు దిద్దడం కూడా తేలికే అయింది, చదవక్కర్లేదు.

ఎవరి పుణ్యమో, గుడ్ల యాప్‌లో కూడా డబ్బా ఉన్నచోటల్లా ఆరు పెట్టేశారు. వారానికి గుడ్డు పెట్టేది ఐదు రోజులు. ఆరు రోజులకి వచ్చాయి.

"ఈ ఆరులో లచ్చిందేవి ఉన్నాది మాస్టారూ!" అంది అసిరమ్మ, ట్రేలు దించుకుంటూ.

"ఇరవై మూడు ఎక్కువొచ్చాయి," అంది పక్కన దమయంతి, లెక్కపెట్టకుండానే.

ఆ మాట మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆ పిల్ల ఇప్పుడు జిల్లా మొత్తానికి ఏకైక 'వెనుకబడిన విద్యార్థిని'. దానికి రోజూ సాయంత్రం నాలుగింటి నుంచి అరగంట లోపనివారణ తరగతి పెట్టాలి. రిజిస్టరు ఉంది, ఫొటో పంపాలి. దాని లోపం ఏమిటంటే ఎనిమిదేడులు యాభై ఆరు అనడం. నివారించాల్సింది త్రినాథరావు మాస్టారు.

మొదటి రోజే అది వరండాలో యాభై ఆరు చింతపిక్కలు పోసి, ఎనిమిది వరసలు పేర్చింది.

"చూడండి మాస్టారూ. మీరన్నట్టు వరసకి ఆరే పెట్టాను. ఎనిమిది పిక్కలు మిగిలిపోయాయి. ఇవేటి చెయ్యమంటారు?"

ఆయన చుట్టూ చూశారు. ఎవరూ లేరు. ఆ ఎనిమిది పిక్కలూ తీసి చొక్కా జేబులో వేసుకున్నారు.

"ఇప్పుడు సరిపోయింది కదా?"

"మీ జేబులో ఉన్నాయి కదండీ," అంది దమయంతి.

డిసెంబరు వరకు రోజూ ఇదే వరస. పిల్ల ఒప్పుకోదు, మాస్టారు ఒప్పించలేరు. అసలు ఆ అరగంటే రోజు మొత్తంలో తనకి హాయిగా ఉంటోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల పిక్కలతో తొమ్మిదో ఎక్కం, పన్నెండో ఎక్కం కట్టేస్తుంటే, చెప్పాలంటే ఆయనకి గర్వంగా కూడా ఉండేది. నేర్పినవాడు తను కాకపోయినా.

జనవరిలో అసిరమ్మ ఒక కాగితం పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. గురుకులం ప్రవేశ పరీక్ష దరఖాస్తు అది. నాలుగో తరగతి పిల్లలు రాస్తే, ఐదు నుంచి ఇంటరు దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. మొగుడు పోయాక అసిరమ్మ ఆ ఒక్క ఆశ మీదే బతుకుతోంది. దరఖాస్తు కింద కొత్తగా ఒక వాక్యం చేర్చారు: 'వెనుకబడిన జాబితాలో ఉన్నవారు అనర్హులు'.

"దానికన్నా తెలివైన పిల్ల ఈ ఊళ్లో నేదని మీరే అన్నారు బాబూ. ఇదేటి అన్యాయం? ఆ జాబితా కాడ్నుంచి పేరు తీయించండి. మీ కాళ్లకి మొక్కుతాను."

మాస్టారు పరుగెత్తారు. పాత్రుడు గారు నిబంధనలు తిరగేశారు. "తీయొచ్చు. పునఃపరీక్ష పెట్టాలి. కాని ఏ ప్రశ్నలో తప్పిందో ఆ ప్రశ్నే అడగాలయ్యా. ఆ ప్రశ్నేమో నిలుపుదలలో ఉంది."

నిలుపుదలలో ఉన్న లెక్కని ఒక్క పూటకి బయటికి తేవడానికి ఫైలు నడిచింది. ఐదు సంతకాలు పడ్డాక అనుమతి వచ్చింది. దరఖాస్తుకి ఆఖరి రోజున మండల ఆఫీసులో, సదాశివమూర్తి గారి సమక్షంలో పరీక్ష.

ఆటోలో తల్లి దారి పొడుగునా పోరింది. "ఓలమ్మీ, ఆరని అనీయే. నీ సొమ్మేటి పోద్ది?"

దమయంతి మాస్టారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి మాస్టారూ. ఏటనమంటారు?"

పదేళ్ల పిల్ల. కళ్లల్లోకి చూసి అడిగింది. మాస్టారు రోడ్డు వైపు చూస్తూ అన్నారు: "ఆరు అనమ్మా. ఈ ఒక్కసారే. సీటొచ్చాక జన్మంతా ఏడనుకో, ఎవరొద్దంటారు?"

అది కూడా రోడ్డు వైపు తిరిగింది.

మండల ఆఫీసులో బోర్డు మీద, ఐదు సంతకాల అనుమతితో, 8 × □ = 56 అని రాశారు. దమయంతి బోర్డు ముందు నిలబడింది. వెనక్కి కట్టుకున్న చేతుల్లో వేళ్లు మడుస్తోంది. మాస్టారు వెనకే ఉన్నారు, ఆయనకి కనిపిస్తోంది. ఒకటి, రెండు, మూడు... ఏడో వేలు దగ్గర ఆగింది.

"ఆరండీ," అంది తల దించుకుని.

చప్పట్లు కొట్టారు. "లోపము నివారింపబడినది," అన్నారు సదాశివమూర్తి గారు. అసిరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. మాస్టారు మాత్రం ఆ పిల్ల మడిచిన వేళ్లే చూస్తున్నారు. ఈ ఏడాది మొత్తంలో ఆ పిల్లకి తను నేర్పింది ఒక్కటే, అదీ అబద్ధం చెప్పడం! అది కూడా ఎంత బాగా నేర్పాడో జిల్లా అధికారే మెచ్చుకుంటున్నాడు. థూ, నా బతుకు, అనుకున్నారు ఆయన.

అప్పుడు మాస్టారికి ధైర్యం వచ్చింది. రాగానే లేచి నిలబడ్డారా అంటే, లేదు, ఆయన సంగతి తెలిసిందే కదా. సదాశివమూర్తి గారు సంతకం పెట్టేదాకా ఆగారు. పాత్రుడు గారు గుండ్రం ముద్ర వేసేదాకా ఆగారు. దరఖాస్తు అసిరమ్మ చేతిలోకి వెళ్లి, రసీదు కూడా వచ్చాక లేచారు.

"ఏడండీ," అన్నారు.

"ఏమిటి ఏడు?"

"డబ్బాలో ఉన్నది. అప్పుడూ ఏడే, ఇప్పుడూ ఏడే. ఆ అమ్మాయి మొదటి రోజే చెప్పింది. నేను అసలు ఆ పాఠమే చెప్పలేదు సార్. డబ్బా కనిపిస్తే ఆరనమని చెప్పాను. పద్ధతీ లేదు, గిద్ధతీ లేదు." జేబులోంచి ఎనిమిది చింతపిక్కలు తీసి బల్ల మీద పోశారు. "మిగిలినవి ఇవిగో."

సదాశివమూర్తి గారు పాత్రుడు గారి వైపు తిరిగారు.

"దీనికి ప్రొఫార్మాలో కాలమ్ ఉన్నదా?"

"లేదండీ."

"అయితే వాంగ్మూలముగా ఫైలులో జతపరచండి. విద్యార్థిని ఉత్తీర్ణురాలైనది. ఉపాధ్యాయుడు వెనుకబడినాడు. వేసవిలో ఇతనికి లోపనివారణ శిక్షణ. పురస్కారము జాబితా నుంచి పేరు తొలగించండి."

పాత్రుడు గారు రాసుకున్నారు. మాస్టారు పిక్కలు ఏరుకుని మళ్లీ జేబులో వేసుకున్నారు. మెట్లు దిగుతుంటే అసిరమ్మ మెల్లగా అంది: "ఆ ముక్కేదో ఆ రోజే అనీసుంటే, ఇన్నాళ్లు ఈ యాతన నేకపోను కదా మాస్టారూ."

మాస్టారు జేబులో పిక్కలు తడుముకుంటూ మెట్లు దిగారు.

గురుకులం పరీక్ష పెట్టేది వేరే శాఖ. ఆరు సంగతి వాళ్లకి తెలీదు. మండలం మొత్తం మీద సీటొచ్చింది దమయంతి ఒక్కదానికే. కొత్తగెడ్డవలస నుంచి దానితో పాటు రాసిన నలుగురు పిల్లలూ కనిపించిన ప్రతి డబ్బాలోనూ శ్రద్ధగా ఆరు రాసి వచ్చారు. "అన్నీ రాసేశాం మాస్టారూ!" అని సంబరంగా చెప్పారు కూడా. ఆ రోజు మాస్టారు అన్నం తినలేకపోయారు. మర్నాటి నుంచి ఫొటోలు తీయడం మానేసి, నీళ్ల ట్యాంకు ఎక్కడం మానేసి, వంటగది వెనక ఆ నలుగురినీ కూర్చోబెట్టి పిక్కలు పోయడం మొదలుపెట్టారు. మెమోలు రెండొచ్చాయి. అవి చిత్తు కాగితాలకి పనికొచ్చాయి.

గురుకులానికి బయల్దేరే రోజు దమయంతి పెట్టె పట్టుకుని బడికొచ్చింది. "ఆ రోజు నేనూ ఏడే అనుకున్నానండీ," అంది.

"తెలుసమ్మా. వేళ్లు చూశాను."

"మీరు ముద్ర పడ్డాక లెగిశారు. నేనూ చూశాను," అని నవ్వి వెళ్లిపోయింది.

వేసవి శిక్షణ రోజున మాస్టారు హాల్లోకి వెళ్లేసరికి ఆయనతో కలిపి నలభై మంది టీచర్లున్నారు. ఏదో ఒక రోజు పొరపాటున నిజం చెప్పి దొరికిపోయినవాళ్లు. వరహాలమ్మ టీచరు మొదటి వరసలోనే ఉన్నారు. తలుపు దగ్గర అందరికీ కొత్త ఉత్తర్వు ఒక్కొక్క ప్రతి ఇచ్చారు.

'మండలములో సీటు సాధించిన ఏకైక విద్యార్థిని తొలుత ఏడు అని చెప్పియున్నందునను, సదరు ఉపాధ్యాయుడు కూడా ఏడు అని వాంగ్మూలము ఇచ్చియున్నందునను, రానున్న విద్యా సంవత్సరమునకు తెలియని సంఖ్యను ఆరు నుండి ఏడు (7)కు మార్చడమైనది.'

మాస్టారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. అప్పుడు తప్పు చెప్పి జిల్లాని ముంచారు, ఇప్పుడు నిజం చెప్పి మళ్లీ ముంచారు. ఇంత సమర్థత తనలో ఉందని ఆయనకి ఇన్నాళ్లూ తెలీదు.

శిక్షకుడు కుర్రవాడు, ఉత్సాహవంతుడు. బోర్డు మీద 4 × □ = 24 అని రాసి, చిరునవ్వుతో తిరిగాడు.

"ఏడూ!" అన్నారు ముప్పై తొమ్మిది మంది. వరహాలమ్మ టీచరు కూడా అన్నారు. రిటైర్మెంటుకి ఏడాదిన్నరే ఉంది మరి.

త్రినాథరావు మాస్టారు నోరు మెదపలేదు. కుర్రవాడు రిజిస్టరులో పేరు చూసి, "మీరు చెప్పలేదు మాస్టారూ?" అన్నాడు.

మాస్టారు జేబులోంచి చింతపిక్కలు తీశారు. ఎనిమిదే ఉన్నాయి, చాలవు. పక్కనున్నవాళ్లు చూసి నవ్వుతున్నా పట్టించుకోకుండా వేళ్లు మడిచారు. నాలుగు, ఎనిమిది, పన్నెండు, పదహారు, ఇరవై, ఇరవై నాలుగు. మళ్లీ ఒకసారి సరిచూసుకున్నారు.

"ఆరండీ," అన్నారు లేచి నిలబడి.

కుర్రవాడు రిజిస్టరులో ఆయన పేరు పక్కన ఎర్రగీత పెట్టాడు. పెట్టుకోనీ. నెలల తరబడి జిల్లా అంతా తిరిగి మైకులో అరిచిన అంకె అది. లెక్క కట్టి చెప్పడం మాత్రం ఆయనకి ఇదే మొదటిసారి.